250 కోట్ల ఏళ్ల బండరాళ్లు.. ఐటీ కారిడార్‌లో వాటిని కాపాడేదెవరు? ఎలా?

దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద సెల్ఫీ దిగేవాళ్లు చాలామందే. కానీ చెరువు ఒడ్డున ఒకదానిపై ఒకటి పేర్చినట్టు నిలబడ్డ బండరాళ్లను గమనించేది కొందరే. ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, రాయదుర్గం, ఖాజాగూడ.. ఒకప్పుడు అంతటా ఇవే గుట్టలు. ఇప్పుడు చాలాచోట్ల వాటి స్థానంలో టవర్లు వచ్చాయి. మరి మిగిలినవి ఎలా మిగిలాయి?

అసలు ఈ బండలు ఎలా పుట్టాయి?

భూమి లోపల కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లబడి గ్రానైట్‌గా మారింది. దానికి పగుళ్లు వచ్చాయి. పగుళ్లలోకి దిగిన నీరు అంచులను కొరికేసింది. పై మట్టి కొట్టుకుపోయాక మిగిలిన గట్టి ముక్కలే ఇప్పుడు మనం చూస్తున్న గుండ్లు. వీటి మధ్య నుంచి జారే వాన నీరు కింది చెరువులకు చేరుతుంది. గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు కూడా ఇలా గుట్టల మధ్య ఉన్నదే.

విదేశాల్లో ఏం చేస్తారు?

అమెరికాలో కొండలను కాపాడటానికి ‘ల్యాండ్ ట్రస్ట్’లు ఉంటాయి. 1891లోనే మసాచుసెట్స్‌లో ఇలాంటి సంస్థ మొదలైంది. వీటి దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి, భూమినే కొనేయడం. రెండోది, యజమానితో శాశ్వత ఒప్పందం చేసుకోవడం. భూమి యజమాని పేరు మీదే ఉంటుంది కానీ అందులో వెంచర్లు వేసే హక్కును ఆయన వదులుకుంటాడు. రేపు ఆ భూమి ఎవరు కొన్నా అదే షరతు వర్తిస్తుంది.

మన దగ్గర ఇలాంటి ఒప్పందాలకు ప్రత్యేక చట్టం లేదు. పోనీ కొనేద్దామా అంటే ధరలు అందవు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. ఏ స్వచ్ఛంద సంస్థ కొనగలదు?

హైదరాబాద్ దారి వేరు

1996లో కొందరు నగరవాసులు ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పెట్టారు. సైబర్ టవర్స్ ప్రారంభానికి ఇంకా రెండేళ్లుంది. వీళ్లు భూమి కొనలేదు. బండలను హెరిటేజ్ జాబితాలో చేర్చాలని పట్టుబట్టారు. అప్పటి హుడా నిబంధనల్లోని ‘రెగ్యులేషన్ 13’ కింద పాత భవనాలతో పాటు 9 శిలా సముదాయాలకు కూడా రక్షణ దొరికింది. దుర్గం చెరువు దగ్గర క్లిఫ్ రాక్, శిల్పారామంలో బేర్స్ నోజ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మష్రూమ్ రాక్ వాటిలో ఉన్నాయి. జాబితాలో ఉన్నదాన్ని అనుమతి లేకుండా ముట్టుకోకూడదన్నది అప్పటి నిబంధన. జనానికి వీటిని పరిచయం చేయడానికి సొసైటీ రాక్ వాక్‌లు కూడా నిర్వహిస్తూ వచ్చింది.

తిరకాసు ఎక్కడ?

ఇది రిజిస్ట్రేషన్ కాగితం కాదు, ఒక నిబంధన మాత్రమే. 2015 డిసెంబర్‌లో రెగ్యులేషన్ 13ను తొలగిస్తూ ప్రభుత్వం జీవో ఇచ్చింది. ఆ వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. అంటే 250 కోట్ల ఏళ్లు నిలిచిన రాయి భవిష్యత్తు కూడా ఒక్క జీవో మీద ఆధారపడి ఉంటుందన్నమాట.

చెట్టుకున్న రక్షణ రాయికి ఉందా?

2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చాయి. హెచ్‌సీయూ విద్యార్థులు ఆందోళనకు దిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపేసింది. అక్కడ కోర్టు ముందున్న ప్రధాన ప్రశ్న చెట్ల నరికివేత. చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, అడవి అయితే అటవీ చట్టం అడ్డొస్తుంది.

రాయికి ఆ వెసులుబాటు లేదు. తవ్వాలంటే గనుల శాఖ, పేల్చాలంటే పేలుడు పదార్థాల నిబంధనలు ఉన్నాయి. కానీ అవి ‘ఎలా పగలగొట్టాలి’ అనే చెబుతాయి, ‘అసలు పగలగొట్టాలా’ అని అడగవు.

మరి దారేంటి?

శిల్పారామంలో బేర్స్ నోజ్ ఇప్పటికీ నిలిచే ఉంది. కారణం సింపుల్. అది జనం వచ్చే పబ్లిక్ స్థలంలో ఉంది. గుట్టలున్న ప్రభుత్వ భూములను వేలానికి ముందే సర్వే చేసి పార్కులుగా వదిలేస్తే రక్షణ గట్టిపడుతుంది. ప్రైవేటు లేఅవుట్లలోనూ పార్కు కోసం విడిచే స్థలాన్ని బండలున్న చోటే చూపించొచ్చు.

కొట్టేసిన చెట్టు స్థానంలో ఇంకోటి నాటొచ్చు. పేల్చేసిన బండ మాత్రం మళ్లీ మొలవదు.