రింగు 30 సెకన్లకే ఎందుకు ఆగిపోతుంది?

మంచం దిగి ఫోను దగ్గరికి వెళ్లేలోపే రింగు ఆగిపోతోంది, ఎందుకని ఒక పాఠకురాలు అడిగారు. జవాబు ఫోనులో లేదు, కంపెనీల మధ్య నడిచిన పైసల లెక్కలో ఉంది. టెలికాం రంగం మొత్తంలో ఇంత అందమైన చిక్కుముడి నాకు ఇంకొకటి కనిపించలేదు.

1995లో మన దేశంలో మొబైల్ మొదలైనప్పుడు ఇన్‌కమింగ్‌కూ డబ్బు కట్టాల్సి వచ్చేది. 1997లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఏర్పడింది, 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. అప్పటినుంచి కాల్ చేసినవారి కంపెనీ, అందుకున్నవారి కంపెనీకి నిమిషానికి ఇంతని చెల్లించాల్సి వచ్చేది. దాన్నే ఐయూసీ అంటారు.

పోటీ పెరిగితే ఈ ఛార్జీ దానంతటదే దిగుతుందని వాదించినవాళ్లు పొరబడ్డారు. నేను సిమ్ ఎంచుకునేది నా బిల్లు చూసుకుని. నాకు ఫోన్ చేసేవారి కంపెనీ ఎంత కడుతుందో నాకెందుకు? పైగా నన్ను అందుకోవడానికి నా నెట్‌వర్క్ తప్ప వేరే దారి లేదు. మార్కెట్లో పది కంపెనీలున్నా, తన కస్టమర్ గుమ్మం దగ్గర ప్రతి కంపెనీదీ గుత్తాధిపత్యమే. అందుకే రేటును నియంత్రణ సంస్థే నిర్ణయించాలి. ట్రాయ్ దాన్ని 2009లో 20 పైసలకు, 2015లో 14కు, 2017 అక్టోబరులో 6కు దించింది.

ఈలోగా 2016 సెప్టెంబరులో జియో వచ్చి కాల్స్ ఉచితమంది. ఇతర నెట్‌వర్క్‌లవాళ్లు జియోవాళ్లకు మిస్డ్ కాల్ ఇచ్చేవారు, జియోవాళ్లు తిరిగి చేసేవారు. మాట్లాడుకునేది ఆ ఇద్దరే, ఆ కబుర్లే. కానీ ఎవరు ఎవరికి చేశారన్నదాన్ని బట్టి ఐయూసీ కట్టే కంపెనీ మారిపోయేది! మూడేళ్లలో సుమారు రూ.13,500 కోట్లు కట్టామని 2019లో జియో ప్రకటించింది.

ఇక రింగు ఎంత త్వరగా ఆగితే అంత ఎక్కువ మిస్డ్ కాల్స్. అవతలివాళ్లు తిరిగి చేస్తే ఐయూసీ భారం అవతలి కంపెనీది. జియో తన కస్టమర్లు చేసే కాల్స్‌కు రింగును 20 సెకన్లకు కుదించింది. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా 25కు దిగాయి. చివరికి 2019 నవంబరులో ట్రాయ్ మొబైల్‌కు 30, ల్యాండ్‌లైన్‌కు 60 సెకన్లని తేల్చింది.

ట్రాయ్ అంచనా కూడా తప్పింది. 2020 నాటికి రాకపోకల కాల్స్ సమమవుతాయని, ఐయూసీని సున్నా చేయొచ్చని 2017లో అనుకుంది. సమం కాలేదు, ఏడాది వాయిదా పడింది. 2021 జనవరి 1 నుంచి ఐయూసీ సున్నా.

రింగును కుదించిన తగువు దాంతో తీరిపోయింది. మెల్లగా నడిచే పెద్దవాళ్ల కోసమైనా ట్రాయ్ ఇప్పుడు ఆ 30 సెకన్లను పెంచాలి.