నల్లమల నుంచి వియత్నాం దాకా: కొన్ని విశేషాలు

1945 సెప్టెంబర్ 2న హనోయ్‌లో హోచిమిన్ స్వాతంత్య్రం ప్రకటించాడు. పది నెలలు తిరిగేసరికి, 1946 జూలై 4న, తెలంగాణలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు నేలకొరిగాడు. అక్కడ ఫ్రెంచివాళ్లు, ఇక్కడ నిజాం. ఎర్రజెండా పట్టిన రైతు రెండు చోట్లా అడిగింది దున్నుకుంటున్న భూమినే. కమ్యూనిజం పేరు మీద సాగిన ఈ యుద్ధాల అడుగున భూమి తగాదా ఉందని తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చాలు.

ఈ మూడు జిల్లాల్లో చాలా భాగం ఒకప్పుడు నిజాం కింది సంస్థానాలు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ కేంద్రంగా జటప్రోలు, పక్కనే గోపాల్‌పేట, ఆత్మకూరు రాజధానిగా అమరచింత. గద్వాల కోటలో ఇప్పుడు డిగ్రీ కాలేజీ నడుస్తోంది. వనపర్తి ప్యాలెస్‌లో 1959లో నెహ్రూ చేతుల మీదుగా పాలిటెక్నిక్ మొదలైంది. రాజుల మేడలు పిల్లల చదువులకు దక్కాయి. భూమి లెక్క మాత్రం అంత సులువుగా తేలలేదు.

తెలంగాణ సాయుధ పోరాటం లెక్కలు పుచ్చలపల్లి సుందరయ్య రాసి పెట్టారు: మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతు వీరుల మరణం, పది వేల మందికి పైగా ఏళ్ల తరబడి జైళ్లు. పోరాటానికి గుండెకాయ నల్లగొండ, వరంగల్. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో నిజాం లొంగిపోయాక సైన్యం తుపాకి గెరిల్లాల వైపు తిరిగింది. అప్పుడు దళాలు కొన్ని కృష్ణా తీరపు అడవులు పట్టి అమ్రాబాద్ వైపు, నల్లమల చెంచుల మధ్యకు వచ్చాయి. ఆ రాకను కోరుకున్నది చెంచులు కారు.

గెరిల్లాలకు గింజలు దొరకకుండా చేయాలంటే అడవిలో మనుషులే లేకుండా చేయాలి. ఈ ఆలోచనకు బ్రిటిష్ జనరల్ బ్రిగ్స్ 1950లో మలయాలో ఒక పేరూ పద్ధతీ ఇచ్చాడు. తెలంగాణ అడవుల్లో గిరిజన గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లోకి తోలడం ఆ బ్రిగ్స్ ప్లాను ఫక్కీలోనే సాగిందని సుందరయ్య రాశారు. అదే పద్ధతి 1962లో దక్షిణ వియత్నాంలో 'వ్యూహాత్మక గ్రామాలు'గా అవతారమెత్తింది. పూర్వీకుల సమాధులున్న పొలాలు వదలమంటే రైతులు మండిపడ్డారు. మరుసటి ఏడు నవంబర్‌లో అధ్యక్షుడు ఎన్గో దిన్ దియెం హత్యకు గురయ్యాక ఆ పథకం కుప్పకూలింది. తుపాకి పట్టని మనిషిని ఊరు కదిలించడం మూడు దేశాల్లోనూ జరిగింది. దాన్ని యుద్ధ వ్యూహమని రాసే పుస్తకాలు చాలానే ఉన్నాయి. నేను దాన్ని యుద్ధ నష్టాల పట్టికలో మొదటి వరుసలో రాస్తాను.

ఇక భూమి చట్టాల సంగతి. హైదరాబాద్ రాష్ట్రంలో 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారుల చట్టం వచ్చి 'రక్షిత కౌలుదారు' అన్న మాట పుట్టింది. కమ్యూనిస్టుల పోరాటం రగిలిన పల్లెల్లోనే నడవాలని వినోబా భావే తెలంగాణకు వచ్చారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైంది. ఆ అక్టోబర్‌లో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. భూమి లెక్క సరిచేయమని వియత్నాం పాలకులకూ చెప్పినవాడొకడున్నాడు, వోల్ఫ్ లడెజిన్‌స్కీ అనే అమెరికన్. 1952లో మన దేశం తిరిగి కౌలు రైతుల పరిస్థితి మీద నివేదికలు రాశాడు, తర్వాత దియెంకు భూసంస్కరణల సలహాదారయ్యాడు. దియెం పెట్టిన భూపరిమితి వంద హెక్టార్లు, అంటే దాదాపు 247 ఎకరాలు! కౌలుదారుకు దక్కేదేముంటుంది? 'దున్నేవాడికే భూమి' చట్టం సైగాన్‌లో 1970లో గానీ రాలేదు. అయిదేళ్లకు, 1975 ఏప్రిల్ 30న, సైగానే పడిపోయింది.

తెలుగువాళ్లకు వియత్నాం వల్ల నేరుగా కలిసొచ్చిన సంగతి కూడా ఒకటుంది. 1954 మే 7న దియెన్ బియెన్ ఫూలో ఫ్రాన్స్ ఓడిపోయింది. జూన్ 13న యానాంలో దడాల రఫేల్ రమణయ్య నాయకత్వాన ఫ్రెంచి జెండా దిగింది. నవంబర్ 1న పుదుచ్చేరితో పాటు యానాం పాలన కూడా భారత్ చేతికి వచ్చింది. అదే ఏడు జులైలో జెనీవా ఒప్పందం వియత్నాంను 17వ అక్షాంశం దగ్గర చీల్చినప్పుడు, ఆ గీతను కనిపెట్టుకుని ఉండే అంతర్జాతీయ సంఘానికి అధ్యక్ష బాధ్యత మన దేశానిదే.

మళ్లీ మన సంస్థానాల నేల మీదికి వస్తే, గోల్కొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. అదే ఎన్నికల్లో నల్లగొండ నుంచి కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. నిన్నమొన్నటి దాకా అజ్ఞాతంలో ఉన్న పార్టీకి జనం ఇచ్చిన జవాబు అది. ప్రతాపరెడ్డి బంధువర్గంలోనే పుట్టిన నడిగడ్డ (గద్వాల ప్రాంతం) బిడ్డ సురవరం సుధాకర్‌రెడ్డి 2012 నుంచి 2019 దాకా సీపీఐ జాతీయ ప్రధాన కార్యదర్శి. ఎర్రజెండా ఈ నేల మీద అసెంబ్లీకీ పోయింది, అడవికీ పోయింది.

  

నల్లమలలో రెండో అంకం 1980ల తర్వాతిది. పీపుల్స్‌వార్ దళాలను జనం 'అన్నలు' అనేవారు. ఇక్కడ చెంచుల తేనె వేట గురించి చెప్పాలి. కొండచరియ మీదినుంచి తాడు కట్టుకుని తేనెపట్టుకు దిగే మగవాడు, పైన తాడు పట్టుకోవడానికి బామ్మర్దినే నిలబెడతాడు. తాడు జారితే తన అక్కో చెల్లెలో ముండమోస్తుంది గనక ప్రాణం పోయినా వదలడని నమ్మకం. అంత నమ్మకం మీద బతికే పెంటల్లోకి, అంటే చెంచు గూడేల్లోకి, 'ఇన్‌ఫార్మర్', 'కొరియర్' అనే మాటలు వచ్చిపడ్డాయి. రాత్రి దళం వచ్చి అన్నం అడుగుతుంది. పొద్దున కూంబింగ్‌కు వచ్చిన పోలీసులు అన్నం ఎవరు పెట్టారని అడుగుతారు. చెంచు మొదటివాళ్లకు లేదనలేడు, రెండోవాళ్లకు అవుననలేడు. పొరుగింటి మనిషి ముందు నోరు విప్పడానికే భయం. ఇది ఏ ఎన్‌కౌంటర్ పంచనామాలోనూ ఎక్కని నష్టం.

1993 నవంబర్‌లో కొల్లాపూర్ దగ్గర సోమశిల దారిలో మందుపాతర పేలి మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశినాయుడు, ఆయనతో ఉన్న పోలీసులు చనిపోయారు. 2005 ఆగస్టు 15న, జెండా పండుగ నాడే, నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, కొడుకుతో సహా కాల్చి చంపారు. రెండు రోజులకే, పీపుల్స్‌వార్ కలిసిపోయిన మావోయిస్టు పార్టీ మీద మళ్లీ నిషేధం పడింది. ఈ రెంటి మధ్య, తుపాకులు కొన్నాళ్లు మౌనంగా ఉన్న కాలం ఒకటుంది. 2004 అక్టోబర్‌లో పీపుల్స్‌వార్ రాష్ట్ర కార్యదర్శి రామకృష్ణ నల్లమలలోంచే బయటికొచ్చి హైదరాబాద్‌లో ప్రభుత్వంతో నాలుగు రోజులు కూర్చుని మాట్లాడారు. ఆ ఎజెండాలోనూ భూమి పంపకం ఉంది. ఆ చర్చల కోసం ఏళ్ల తరబడి తిరిగిన పౌర స్పందన వేదిక పెద్ద, రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్. 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎత్తుకెళ్లిన అధికారుల్లో ఆయనా ఒకరు. తనను బందీ చేసినవాళ్లతో మాట్లాడండని ప్రభుత్వాన్ని అడిగిన మనిషి. ఆ చర్చలు నిలబడి ఉంటే ఎందరు తల్లులకు కడుపుకోత తప్పేదో! 2005 జనవరి నాటికి అవి విరిగిపోయాయి. ఆ తర్వాత రెండు మూడేళ్లలో నల్లమల దళాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి.

యుద్ధం ఆగితే నష్టం ఆగదనడానికి వియత్నామే సాక్ష్యం. 1961 నుంచి 1971 దాకా అమెరికా విమానాలు అడవుల మీద చల్లిన ఆకురాల్చే మందులు ఏడు కోట్ల లీటర్లకు పైమాటే. వాటిలో ఒకటైన ఏజెంట్ ఆరెంజ్‌లోని డయాక్సిన్ విషం ఇంకా కొన్ని చెరువుల మట్టిలో ఉంది. క్వాంగ్ ట్రి రాష్ట్రంలో పొలం దున్నుతుంటే పేలని బాంబులు ఇప్పటికీ బయటపడతాయి. వాషింగ్టన్‌లోని నల్లరాతి గోడ మీద 58 వేలకు పైగా అమెరికన్ల పేర్లు ఒక్కొక్కటిగా చెక్కి ఉన్నాయి. వియత్నాం తన మృతులు సుమారు 30 లక్షలని 1995లో ప్రకటించింది. ఎముకలు కూడా దొరకని సైనికులే లక్షల్లో ఉన్నారు.

పేర్ల దగ్గరే నా బాధ. నల్లమలలో పోయిన పోలీసుల పేర్లు ప్రతి ఏడు అక్టోబర్ 21న స్మారక దినంలో చదువుతారు. అన్నల పేర్లు స్థూపాల మీద, అమరుల బంధుమిత్రుల సంఘం పుస్తకాల్లో ఉంటాయి. రెండు వైపుల మధ్య నలిగి దెబ్బలు తిన్న చెంచులు, పొద్దుగూకితే బస్సు రాని ఊళ్లు, వలస పోయినవాళ్లు పోగా ఇళ్లలో మిగిలిన ముసలివాళ్లు... వీళ్ల జాబితా నాకెక్కడా కనబడలేదు. అడవిలో మిగిలినవాళ్లకు ఆ తర్వాతా ఊపిరి సలపలేదు. పులుల రక్షిత ప్రాంతం నుంచి తరలింపు మాట ఒకవైపు, యురేనియం సర్వే మరోవైపు. 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది, అదీ జనం రోడ్డెక్కాక.

పాలమూరు విశ్వవిద్యాలయానికి గద్వాలలో, వనపర్తిలో, కొల్లాపూర్‌లో పీజీ కేంద్రాలున్నాయి. అక్కడి పిల్లలు ఒక్కో వేసవి సెలవుల్లో ఒక్కో పెంటకు పోయి, అప్పాపూర్ నుంచి మొదలుపెట్టి, అరవై దాటిన ప్రతి మనిషి నోటా ఆ రోజుల సంగతి రికార్డు చేయాలి. ఎవరు ఏ రాత్రి ఎవరికి అన్నం పెట్టారు, ఏ పొద్దున ఎవరి చేతిలో దెబ్బలు తిన్నారు, ఎవరు మళ్లీ ఇంటికి రాలేదు: ఈ మూడు ప్రశ్నలు చాలు. సెల్‌ఫోన్ ఉంటే సరిపోతుంది. చెప్పగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.