ఉదకమండలమున ఒక వనభోజనము

ఉదకమండలమను పేరు చెవిని పడినంతనే తెలుగువాని మనస్సున నీరు మెదలును. ఉదకమన నీరు, మండలమన వలయము. కొండల నడుమ నీరు వలయముగా నిలిచియున్నందున ఆ యూరికి ఆ పేరు కలిగెనని మనలో పెక్కుమంది తలంతురు. చరిత్ర వేఱుగా నున్నది. 1821వ సంవత్సరమున చెన్నపట్టణపు గెజెటులో ప్రకటితమైన యొక లేఖలో ఈ స్థలము ‘వొటోకిమండ్’ అని కనబడుచున్నది. ఎనుములను మేపుకొని బ్రతుకు తోడాజాతివారి పల్లెకు ‘మంద్’ అని పేరు. మన ‘మంద’ అను మాట వెంటనే స్ఫురించును. ఒంటిరాయి గల మంద అనునదియే ఆ పేరునకు అర్థమని పలువురి యభిప్రాయము. ఆ పేరు ఆంగ్లేయుల నోట ఊటకమండ్ అయి, ఊటీగా కుఱుచయై, తుదకు సంస్కృతవేషము ధరించి ఉదకమండల మయినది. పేరు రాతిది, నీరు తరువాత వచ్చినది.

ఆ నీటిని తెచ్చినవాడు జాన్ సలివన్. కోయంబత్తూరు కలెక్టరుగా నుండి, 1819లో నీలగిరుల నెక్కి, అచ్చటి చల్లదనమునకు మోహితుడై, కొండమీదనే కాపురము పెట్టినవాడు. 1823 మొదలు 1825 వరకు ఆతడు కొండవాగుల కడ్డముగా కట్ట వేయించి లోయను నీటితో నింపెను. తోటలకును, దిగువ పొలములకును ఆ నీరు పనికివచ్చునని ఆతని తలంపు. సముద్రమునకు సుమారు 2,200 మీటర్ల యెత్తున, ఇప్పుడు 65 ఎకరముల మేర వ్యాపించియున్న ఈ సరస్సు దేవఖాతము కాదు. మన యూరి చెఱువువలె మనుష్యుడు గట్టు వేసి నిలిపిన నీరు. ఈ యొక్క మాట గుర్తున్నచో, అచ్చటికి పోయినపుడు మనము నడచుకొనవలసిన తీరు వేఱొకరు చెప్ప నక్కఱలేదు.

చెన్నపురిలో ఉద్యోగముల నుండువారికి ఈ యాత్ర ఒక దినమున సాధ్యమే. రాత్రి రైలెక్కినవారు తెల్లవారుసరికి మెట్టుపాళయమున దిగుదురు. అచ్చటినుండి కొండరైలు గలదు. పట్టాల నడుమ పండ్లు గల మఱియొక పట్టా పఱచి, ఇంజనుక్రింది పండ్లచక్రము దానిని పట్టుకొని ప్రాకునట్లు చేసిన యేర్పాటు చూడదగినది. 1908లో ఉదకమండలము చేరిన యీ మార్గమును 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చినది. కాని 46 కిలోమీటర్లకు ఆ బండి దాదాపు ఐదు గంటలు తీసికొనును. ఒక దినమే చేతనున్నవారు కొండరైలును మఱియొక ప్రయాణమునకు దాచుకొని, కూనూరు మీదుగానో కోటగిరి మీదుగానో బస్సున పోవుట మేలు. రెండు మూడు గంటలలో పైకి చేరుదురు. పోకచెట్లు వెనుకబడి, తేయాకు తోటలు వచ్చి, పిమ్మట నీలగిరి తైలపు చెట్ల వాసన ముక్కునకు తగులును. చెవులు దిబ్బడ వేయును. పిల్లలు శాలువ లడుగుదురు. అప్పుడు కొండ యెక్కితిమని నమ్మకము కలుగును.

మొన్న ఫిబ్రవరి మాసమున మేమును అట్లే పోయితిమి. మాతోడ కోయంబత్తూరులో తరతరములుగా స్థిరపడిన యొక తెలుగు కుటుంబమువారు వచ్చిరి. వారి పూర్వులు నాయకరాజుల కాలమున దక్షిణమునకు తరలివచ్చిరని వారింట చెప్పుకొందురు. బడిలో అరవము, కచేరిలో ఇంగ్లీషు, పొయ్యిదగ్గఱ తెలుగు. ఆ యింటి రీతి యది. తెల్లవారుజామున లేచి పులిహోర, దధ్యోజనము, గారెలు సిద్ధము చేసికొని, అరటియాకుల కట్ట తడిగుడ్డలో చుట్టుకొని వచ్చిరి. ఉదయమంతయు పడవపై గడచినది. నీటిమధ్యకు పోయి చూచిన, ఒకప్రక్క చెట్ల నీడ నల్లగా నీటిపై పడియుండును. వేఱొకప్రక్క ఇండ్లును, హోటళ్లును కొండవాలున మెట్లు మెట్లుగా దిగివచ్చి గట్టును తాకుచుండును. పడవవాడు తెడ్డుతో ఒకమూల చూపి, అటు పోరాదు, వాసన వచ్చునని చెప్పెను.

మధ్యాహ్నమున గట్టుమీది గడ్డినేలపై విస్తళ్లు వేసికొంటిమి. భోజనము ముగియునపుడు ఆ యింటి కుఱ్ఱవాడు, కళాశాలలో చదువుచున్నవాడు, మిగిలిన యన్నమును ఆకుతోగూడ నెత్తి నీటివైపు నడచెను. ఆతని యవ్వ కేక వేసినది.

“యాడికిరా?”

“చేపలకు వేస్తానవ్వా. అవి తింటాయి.”

“చెఱువులో ఎంగిలి కలుపుతారట్రా?”

ఆతడు నవ్వి, “అవ్వా, ఊరి మురికంతా దీంట్లోకే వస్తూంది. మన యాకు ఒకటి పడితే ఏమవుతుంది?” అనెను.

ఆమె వెంటనే బదులు చెప్పలేదు. ఆకు వాని చేతినుండి తీసికొని మడిచి, తెచ్చిన గోనెసంచిలో వేసి, “ఊరిది ఊరిది. నీ యెంగిలి నీది” అనినది. అంతటితో ఆ మాట ముగిసినది గాని, నా మనస్సున ముగియలేదు. కుఱ్ఱవాని ప్రశ్న నేటి విద్యావంతులందఱి ప్రశ్నయే. దానికి సరియైన సమాధానము చెప్పవలసియున్నది.

అతడన్నది అబద్ధము కాదు. దొడ్డబెట్ట వాలున పుట్టిన కోడప్పమందు కాలువ పట్టణమధ్యమున, అంగళ్ల ప్రక్కగా పాఱి సరస్సున కలియును. అది కొండవాగుగా బయలుదేఱి మురుగుకాలువగా వచ్చి చేరుచున్నదని స్థానికులు బహుకాలముగా మొఱపెట్టుకొనుచున్నారు. సరస్సు వైశాల్యమును సలివన్ నాటిది కాదు. బస్సులు నిలుచుచోటును, గుఱ్ఱపు పందెముల మైదానమును ఒకప్పుడు నీటి యడుగున నుండినవే. పందెముల భూమిని 2024లో ప్రభుత్వము తిరిగి స్వాధీనము చేసికొన్నది; కాని తీసికొన్న నీరు తిరిగి రాలేదు. ఇంతకంటె చిత్రమేమన, ఉదకమండల మను పేరు గల యీ పట్టణము తన సరస్సునీరు త్రాగదు. పార్సన్స్ లోయనుండియు, మార్లిమందు మొదలగు జలాశయములనుండియు తెచ్చుకొని త్రాగుచున్నది. కంటి యెదుట నీరుండగా గొంతునకు దూరమునుండి తెచ్చుకొనుట కంటె ఒక తటాకమునకు వేఱు అవమానము గలదా?

అయినను ఊరి మురుగు ఊరిదే, మన యెంగిలి మనదే అను ఆ వృద్ధురాలి మాటకు లోతు గలదు. కొండమీది సరస్సు ఒక గిన్నె. చుట్టునున్న వాలులపై పడినదంతయు, నేడో రేపో, వానతో గిన్నెలోనికి జాఱును. గిన్నె నిండిన పిమ్మట నీరు అక్కడనే యుండదు. కట్ట దాటి శాండినల్లా వాగున పడి, దిగువ జలాశయమున చేరి, కల్హట్టి లోయ దిగి మోయారున కలిసి, భవానీసాగరము మీదుగా ఈరోడు సీమ పొలములకు పోవును. కుఱ్ఱవాడు విసరబోయిన యాకు పచ్చియాకు గనుక కుళ్లి మట్టియగును. అతని ప్రక్కన గూర్చున్నవారు విడిచిపోయిన ప్లాస్టిక్కు సంచి ఎప్పటికిని మట్టి కాదు. ఇక ఊరి మురుగు సంగతి. ఆ మురుగు ఎవరిది? కొండవాలున మెట్లుమెట్లుగా లేచిన హోటళ్లు ఎవరికొఱకు లేచినవి? మనకొఱకే. వేసవిలో పట్టణపు జనమునకు మించి యాత్రికులు వచ్చి స్నానములు చేసి, భుజించి, పరుండి పోవుచుండగా, ‘ఊరిది’ అని మనము వేలు చూపునది సగము మనదే.

తెలుగువారికి ఈ కొండతో ఋణసంబంధము క్రొత్తది కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు చెన్నపురి ప్రభుత్వము క్రింద నుండెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమునుండి ఆ ప్రభుత్వము వేసవియందు ఉదకమండలమునకు మకాము మార్చుచుండెడిది. కృష్ణాతీరమున మండుటెండలో రైతు పెట్టుకొనిన యర్జీ కాగితముల కట్టలలో కొండ యెక్కి, ఈ సరస్సు ప్రక్కన తీర్పు పొందుచుండెను. అనగా ఈ చల్లదనమునకు మన జిల్లాల శిస్తు సొమ్మును కొంత వెచ్చమైనది. అంతకంటె పాతది మఱియొక సంబంధము. దక్షిణమునకు వలసపోయిన తెలుగు నాయకులును, రైతులును ఏ యూర దిగినను మొదట వెదకినది నీరు. పుత్రుడు, తటాకము, వనము, దేవాలయము మొదలగునవి సప్తసంతానములని మనవారు లెక్కించిరి. చెఱువు త్రవ్వించినవానికి ఆ చెఱువు సంతానముతో సమానము. సలివన్ ఆ మాట విని యెఱుగడు. ఆయినను చేసినపని యదియే. అట్టి సంతానమును పెంపకమునకు తీసికొని ఎంగిలి త్రాగించుట మన ధర్మమున కెట్లు సమ్మతము?

ప్రభుత్వము ఊరకుండినదని చెప్పరాదు. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్కు సంచులపై నిషేధము చాలకాలము క్రిందటనే వచ్చినది; 2019 జనవరి 1వ తేదీనుండి తమిళనాడు అంతటను ఒక్కసారి వాడి పాఱవేయు ప్లాస్టిక్కు వస్తువులు పెక్కింటిని నిషేధించిరి. ఉన్నత న్యాయస్థానము ఆజ్ఞపై 2024 మే 7వ తేదీనుండి కొండ యెక్కు వాహనములకు ముందుగా అనుమతిపత్రము పొందు పద్ధతి యేర్పడినది. 2025 వేసవికి నీలగిరులలో దినమునకు 6,000 వాహనములు, వారాంతములందు 8,000 వాహనములు అని పరిమితియు విధించిరి. ఈ సంఖ్యలను చూచి విసుగుకొనువారు, అన్ని వాహనములు ఒక్క దినమున రెండు మూడు ఇఱుకుదారుల నెక్కుట యేమో ఒకమాఱు ఊహించుకొనవలెను. అయినను తనిఖీవాడు సంచిని చూడగలడు గాని బుద్ధిని చూడలేడు. మిగిలినది మన చేతిలోనిదే.

అందులకు క్రొత్తశాస్త్ర మేమియు నక్కఱలేదు. వనభోజన మను ఆచారము మనకు గలదు. కార్తికమాసమున ఉసిరిచెట్టు క్రింద నేల అలికి, చెట్టునకు పూజచేసి, ఆకులలో వడ్డించి, వచ్చినవారికి పెట్టి, తాము తిని, తిన్నచోటు మరల శుభ్రపఱచి ఇంటికి పోవుటయే దాని విధి. చెట్టును మొదట పూజించి పిదప దాని నీడను వాడుకొనుటలో నున్న మర్యాదయే ముఖ్యము. ఆ మర్యాదను కొండమీదికిని తీసికొనిపోవచ్చును. కార్తికమున మాత్రము నీలగిరులకు పోరాదు. ఈశాన్య ఋతుపవనముల వానలకు కొండచరియలు విఱిగి దారులు మూతపడుచుండును. ఏప్రిలు, మే మాసములలో జనము మితిమీఱును. ఫిబ్రవరిలో వారము నడుమ పోవువారికి నీరును, నిశ్శబ్దమును రెండును దక్కును. ఇంటివంట, ఆకులు, కూజాలో నీరు తీసికొని పోవలెను. తెచ్చినదంతయు, మిగిలినదంతయు తిరిగి దింపవలెను. రాత్రి నిలువ వలసివచ్చినచో, మురుగును శుద్ధిచేయు ఏర్పాటు గలదా యని బసవానిని అడుగవలెను. అడుగువారు నలుగురైనచో వానికి చిన్నతనము కలుగును. నలువదిమందియైనచో ఏర్పాటు కలుగును.

సాయంకాలము నాలుగు గంటలకు మంచు దిగ నారంభించినది. సరస్సు మీద పడవ లొక్కొక్కటి గట్టు చేరుచుండెను. మేమును బస్సు ఎక్కితిమి. కూనూరు మలుపులు దిగునంతసేపు ఆ గోనెసంచి అవ్వ పాదములయొద్దనే యుండెను. మెట్టుపాళయమున దిగినప్పుడు దానిని మోసినవాడు ఆ కుఱ్ఱవాడే, ఎవరును చెప్పలేదు. ఎంగిలి ఆకులను ఎక్కడ వేయవలెనని అతడు అవ్వ నడిగెను. “ఇంట్లో ఆవు ఉందిగదరా” అని ఆమె చెప్పినది.