ఆగని యంత్రానికి కొత్త గది

పిల్లలూ! విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిములు మూడు ఉన్నవి. వాటికి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చక్కని పేర్లు పెట్టారు. ఇటువంటి కొలిమిని ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు మండవలసిందే. ఊరికే ఆర్పి వెలిగించటానికి అది మన వంటింటి పొయ్యి కాదు. గోదావరిని 1990లో, కృష్ణను 1992లో వెలిగించారు. 2012లో వాటికి అన్నపూర్ణ తోడయింది.

పెద్ద బ్యాంకులలో ఉండే మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లు కూడా ఇలాగే ఆగకుండా పనిచేయాలి. ఆగితే డబ్బు కోసం వచ్చిన వేలాదిమంది ఎక్కడివారక్కడ నిలబడిపోతారు. కాని లెక్కలు రోజురోజుకూ పెరుగుతవి. వాటిని దాచే డిస్కులు వేరే పెట్టెలలో ఉంటవి. సన్నని గాజు తీగలు వాటిని కంప్యూటరుతో కలుపుతవి. మధ్యలో దారి చూపే స్విచ్చి ఒకటి ఉంటుంది. పెట్టెలో చోటును గదులుగా విభజించి, ఒక్కొక్క గదికి ఒక సంఖ్య ఇస్తారు.

మరి కొత్త గది చేర్చితే, పనిలో ఉన్న కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది?

దానికి కళ్లు లేవు కదా! అడిగి తెలుసుకోవలసిందే. "నాకిచ్చిన గదులు ఏవేవి?" అని అది పెట్టెను అడుగుతుంది. పెట్టె సంఖ్యల జాబితా పంపుతుంది. పాత జాబితాలో లేని సంఖ్య కనబడితే, అదే కొత్త గది! అయితే ముందుగా రెండు అనుమతులు కావాలి. ఈ కంప్యూటరు ఆ పెట్టెతో మాట్లాడవచ్చునని స్విచ్చి ఒప్పుకోవాలి. ఈ గది ఈ కంప్యూటరుదేనని పెట్టెలో రాసి ఉండాలి. ఏ ఒక్కటి తప్పినా ఎన్నిసార్లు అడిగినా లాభం లేదు. కొన్నిచోట్ల కంప్యూటరు తానే వెతుక్కుంటుంది. కొన్నిచోట్ల పెట్టె ద్వారం సంఖ్య, గది సంఖ్య మనిషి చెబితేనే గుర్తిస్తుంది.

ఇక్కడొక చిక్కున్నది. ఒక తీగ తెగినా పని ఆగకుండా, పెట్టెకు రెండు దారులు వేస్తారు. అందుచేత ఒకే గది రెండుసార్లు కనబడుతుంది!

మీరు విశాఖ సముద్రపుటొడ్డున నిలబడ్డారు. మీ స్నేహితుడు డాల్ఫిన్స్ నోస్ కొండమీది దీపస్తంభం దగ్గర ఉన్నాడు. ఇద్దరికీ ఓడ కనబడింది. అంటే రెండు ఓడలా? దుర్భిణి తీసి చూడండి. పెద్ద ఓడలకు ఏడంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. ఓడ పేరు మారినా, యజమాని మారినా అది మారదు. ఇద్దరూ చదివిన సంఖ్య ఒకటే అయితే ఓడా ఒకటే!

డిస్కు గదికీ అలాంటి మారని గుర్తు ఉన్నది. రెండు దారులలోనూ ఒకే గుర్తు వస్తే, కంప్యూటరు వాటిని కలిపి ఒకే గదిగా లెక్కిస్తుంది. అలా చూడకుండా రెండు గదులనుకొని రెండింటిలోనూ వేరువేరు లెక్కలు రాస్తే, ఒకదానిమీద ఒకటి పడి రెండూ పాడవుతవి. పాత గదిని కొత్తదనుకొని తుడిచివేస్తే, ఎందరి లెక్కలో మాయమవుతవి!

అందుకే తెలిసినవారు తొందరపడరు. కొత్త గది కనబడగానే ముందు గుర్తు చదువుతారు. ఆ తరువాతే తలుపు తీస్తారు.