అంకెలో దాగిన గంజాయి



“ఫోర్ ట్వంటీ” యను మాట నెరుగనివారు మన పల్లెలలో నరుదు. మోసగానికి లోకమిచ్చిన బిరుదమది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో మోసమునకు శిక్ష విధించు సెక్షను 420 అగుటచే నా పేరు కలిగినది. 2024 జూలై 1వ తేదీన భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చి, మోసము 318వ సెక్షనునకు మారినను, జనుల నోటిమాట మారలేదు. అయితే మీ మనుమల సెల్‌ఫోనులలో నిదే యంకె వేరొక యర్థముతో కనబడవచ్చును. అచ్చట దాని యర్థము గంజాయి. ఈ రెండవ యర్థమెట్లు పుట్టి, యెట్లు వ్యాపించినదో నేడు విన్నవించెదను.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున సాన్ రఫేల్ అను పట్టణము కలదు. 1971లో నచ్చటి ఉన్నత పాఠశాల విద్యార్థులైదుగురు, సముద్రతీర ప్రాంతమున నెవరో విడిచిపోయిన గంజాయిమడి యున్నదని విని, దానిని వెదక నిశ్చయించిరి. సాయంకాలము 4 గంటల 20 నిమిషములకు, బడియందలి లూయీ పాశ్చర్ విగ్రహమువద్ద కలిసికొనుట వారి యేర్పాటు. మడి దొరకలేదు, మాట మాత్రము నిలిచినది. పెద్దలకు తెలియకుండ గంజాయినిగూర్చి మాటలాడుటకు వారికా యంకె సంకేతమయ్యెను.

వారి బంధుమిత్రులలో కొందరికి గ్రేట్‌ఫుల్ డెడ్ అను సంగీత బృందముతో పరిచయముండెను. ఆ బృందమువెంట నూరూర తిరుగు శ్రోతలద్వారా మాట పాకినది. 1990 డిసెంబరులో నోక్లండు నగరమున కచేరీవద్ద నొక కరపత్రము పంచబడెను. అమెరికావారు తేదీలో నెలను ముందు వ్రాయుదురు గనుక, 4వ నెల 20వ తేదీన, 4 గంటల 20 నిమిషములకు, గంజాయి త్రాగ కూడవలసినదని దాని సారాంశము. ఇది పోలీసుల రహస్య సంకేతమని యందు వ్రాయబడెను. ఆ కథ యసత్యము. 1991లో హై టైమ్స్ అను పత్రిక దానిని ప్రకటింపగా, మాటయు, అసత్యమును జంటగా దేశమెల్ల తిరిగినవి.

పిదప సామాజిక మాధ్యమములు వచ్చినవి. అంకెకు భాషాభేదము లేదు; వ్రాయుట సులభము; తెలిసినవాడు నవ్వును, తెలియనివాడు దాటిపోవును. ఏటేట ఏప్రిల్ 20 వచ్చుటచే పాతమాట క్రొత్తది యగుచుండును. ఒకడు బొమ్మతో పంపగా, వేరొకడు బొమ్మ మార్చి మరల పంపును. జనులు దేనివద్ద నాగుదురో దానినే యా యంత్రములు మరింతమందికి చూపును. గంజాయి ముట్టనివారును హాస్యమునకై పంపుటచేతనే యిది యింత దూరము పోయినది.

హాస్యము వ్యాపారమునకును ప్రాకినది. 2018 ఆగస్టు 7న ఎలాన్ మస్క్ అను కోటీశ్వరుడు, తన టెస్లా కంపెనీని వాటా యొక్కింటికి 420 డాలర్ల చొప్పున ప్రైవేటు చేయదలచితిననియు, ధనము సిద్ధమనియు ట్విట్టరులో ప్రకటించెను. ఆ ప్రకటన మదుపరులను తప్పుదారి పట్టించినదని ప్రభుత్వ సంస్థ వ్యాజ్యము వేసెను. గంజాయి ప్రియులలో నా యంకెకున్న ప్రసిద్ధినిబట్టి ధరను 420కి సవరించెనని యా ఫిర్యాదులో నున్నది. రాజీలో నాతడును, కంపెనీయు చెరి 2 కోట్ల డాలర్లు చెల్లించిరి.

ఇక మన కర్తవ్యము. ఈ యంకెను పంపినంతమాత్రమున పిల్లవాడు గంజాయి త్రాగుచున్నాడని నిశ్చయింపరాదు. అది వట్టి యనుకరణ కావచ్చును. కాని నవ్వుచు నవ్వుచు పలికిన మాట వస్తువును తేలికగా తోపించును. కొన్ని విదేశములలో గంజాయికి అనుమతి కలదు. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టముచే గంజాయి నుంచుకొనుట నేరము. కిలో లోపైనను ఏడాదివరకు ఖైదు పడవచ్చును. మాట సరిహద్దులు దాటి వచ్చినంత సులభముగా అనుమతి రాలేదని పిల్లలకు తెలియవలెను. కావున, అంకె కనబడినపుడు కోపింపక, “దీని యర్థమేమి నాయనా?” యని యడుగుడు. పెద్దలకు తెలియరాదనియే పుట్టిన సంకేతమిది. పెద్దలెరిగినచో దాని మరుగు తొలగును, మాటలాడుటకు దారి యేర్పడును.