గుడ్డు పరీక్షకు డబ్బు ఎవురు కట్టాల?

2024 ఫిబ్రవరిలో మన చాటగొట్లలో, గుమ్మళ్లదిబ్బలో కోళ్లు చచ్చిపోతే శాంపిళ్లు భోపాల్ ల్యాబుకు పంపినారు. బర్డ్ ఫ్లూ అని తేలింది. జబ్బొచ్చినాక అందరూ పరిగెత్తినారు. మరి మామూలు రోజుల్లో ఫారాన్నీ, గుడ్డునీ చూసేదెవురు?

మన రొయ్యనే చూడండి. యూరప్‌కి పోయే సరుకులో యాంటీబయాటిక్ తేలితే వెనక్కి కొడతారు. అందుకే ఎగుమతిదారులు ఫీజు కడతారు, తనిఖీ జరుగుతాది. అంగన్‌వాడీలో మన బిడ్డ తినే గుడ్డుకూ అంత కాపలా కావాల.

నేననేది ఇది: ఫారాల దగ్గర గుడ్డుకు ఒక పైసా తీసుకోవాల. రోజుకు 50,000 గుడ్ల ఫారం 500 రూపాయలు కడతాది, 200 గుడ్లోడు 2 రూపాయలే. అందరికీ ఒకే ఫీజు పెడితే చిన్నోడు మునుగుతాడు. పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునే అవ్వకు అసలొద్దు. రేటు పెరుగుతాదంటారా? 30 గుడ్ల ట్రేకి 30 పైసలు.

ఒక మెలిక ఉండాది. ఫారమోడే డబ్బిచ్చి పిలిపించుకుంటే, వచ్చినోడు తప్పు రాస్తాడా? డబ్బు సర్కారు ఖాతాలో పడాల. ఏ ఫారానికి ఎవురు పోవాలో సర్కారే చెప్పాల. ఫలితం పంచాయతీ గోడ మీద అంటించాల. అది దాచిపెడితే ఫీజు కాదు తమ్ముడూ, మామూలు.