కరెంటు పోతే కంగారు పడొద్దు

పాలకొల్లు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఎక్కువ. రొయ్యల ఫ్యాక్టరీలూ ఉన్నాయి. వాటిలో పనిచేసేది ఎక్కువమంది ఆడవాళ్లే. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వ్యాను ఎక్కుతారు. గంటల తరబడి నిలబడి రొయ్యల తలలు తీస్తారు. పొట్టు ఒలుస్తారు.

అందరూ పనిలో ఉన్నారనుకోండి. ఉన్నట్టుండి కరెంటు పోయింది. మిషన్ల చప్పుడు ఆగిపోయింది. షెడ్డంతా చీకటి. ఎవరో కేక పెట్టారు. అప్పుడు ఏం చెయ్యాలి?

కరెంటు పోవడం మనకి కొత్త కాదు. 1996 నవంబరులో వచ్చిన తుపానుకి కోనసీమలో కరెంటు స్తంభాలు కూలిపోయాయి. ఎన్నో పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇంట్లో అయితే దీపం వెలిగించుకుంటాం. కానీ ఫ్యాక్టరీ ఇల్లు కాదు. అక్కడ నేలంతా తడి. చేతిలో కత్తి ఉండొచ్చు. పక్కన మిషను ఉండొచ్చు.

ముందు ఆగండి

కరెంటు పోగానే ఉన్నచోటే నిలబడండి. పరుగెత్తితే జారి పడతారు. మీ మీద ఇంకొకరు పడతారు. చేతిలో కత్తి ఉంటే బల్ల మీద పెట్టండి. మిషనులో చెయ్యి ఉంటే వెంటనే తీసెయ్యండి. ఆగిన మిషను కరెంటు రాగానే మళ్లీ తిరుగుతుంది. జనరేటరు వెయ్యడానికి ఎంతోసేపు పట్టదు. తడి చేతులతో స్విచ్చులు, వైర్లు ముట్టుకోవద్దు. అగ్గిపుల్ల గియ్యొద్దు. చల్లటి గదిలో ఎవరైనా ఉండిపోయారేమో సూపర్‌వైజరుకి గుర్తు చెయ్యండి.

ఘాటు వాసన వస్తే

రొయ్యల్ని గడ్డకట్టించే యంత్రాల్లో చాలాచోట్ల అమ్మోనియా వాడతారు. అది రంగు లేని గ్యాసు. కంటికి కనబడదు. వాసన మాత్రం ఘాటుగా ఉంటుంది. పశువుల కొట్టంలో మూత్రం నిలవుంటే ముక్కు మండుతుంది కదా! ఆ ఘాటూ అమ్మోనియాదే. కొట్టంలో అది కొంచెమే. ఫ్యాక్టరీ గొట్టాల్లో చాలా ఉంటుంది. కరెంటు లేక యంత్రం చాలాసేపు ఆగితే గొట్టాల్లో ఒత్తిడి పెరగొచ్చు. ఎక్కడైనా లోపముంటే గ్యాసు బయటికి వస్తుంది. కళ్లు మండుతాయి. దగ్గు వస్తుంది. ఊపిరి ఆడదు.

ఆ వాసన వస్తే పని వదిలెయ్యండి. ఎవరూ చెప్పేదాకా ఆగొద్దు. అమ్మోనియా నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది. అందుకే తువ్వాలు గానీ పైట కొంగు గానీ తడిపి ముక్కుకీ నోటికీ అడ్డం పెట్టుకోండి. దగ్గరలో ఉన్న దారిన బయటికి నడవండి. క్యారేజీ కోసం, చెప్పుల కోసం, డబ్బుల సంచి కోసం వెనక్కి వెళ్లొద్దు. అవి మళ్లీ కొనుక్కోవచ్చు.

బయటికి రాగానే కొబ్బరిచెట్లు చూడండి. ఆకులు ఎటు ఊగుతున్నాయి? గాలి అటు పోతోందన్నమాట. గ్యాసూ అటే పోతుంది. మీరు అటు వెళ్లొద్దు. గాలికి అడ్డంగా పక్కకి నడవండి. తర్వాత గాలి వచ్చే వైపుకి చేరండి.

బయటికి వచ్చాక

అందరూ ఒకచోట చేరాలి. హాజరు పుస్తకం చూసి లెక్క పెట్టాలి. మీ పక్కన పనిచేసే మనిషి కనబడకపోతే గట్టిగా చెప్పండి. కానీ మీరు లోపలికి వెళ్లొద్దు.

ఈ మాట ఎందుకు చెబుతున్నామంటే, 2017 మార్చి 30న మన మొగల్తూరు మండలంలో ఒక ఆక్వా ఫ్యాక్టరీలో విషవాయువు సోకి ఐదుగురు కార్మికులు చనిపోయారు. పడిపోయిన మనిషిని కాపాడాలని ఎవరికైనా మనసు లాగుతుంది. అయితే తగిన ముసుగు లేకుండా వెళ్తే మనమూ పడిపోతాం. ఆ పని ఫైరింజను వాళ్లు చేస్తారు. 101కి ఫోను చెయ్యండి. అంబులెన్సుకి 108.

కళ్లు మండితే నలపొద్దు. శుభ్రమైన నీళ్లతో కనీసం పావుగంట కడగండి. తర్వాత ఆసుపత్రికి వెళ్లండి. "ఇప్పుడు బాగానే ఉంది" అని ఊరుకోవద్దు. 2022 జూన్ 3న అచ్యుతాపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో వందమందికి పైగా ఆడవాళ్లు విషవాయువుకి జబ్బుపడ్డారు. ఆగస్టులో అక్కడే మళ్లీ అలాగే జరిగింది.

ముందే చూసుకోండి

పనిలో చేరిన రోజే మీ షెడ్డుకి ఎన్ని తలుపులున్నాయో చూడండి. మీ బల్ల దగ్గర్నుంచి తలుపుకి ఎన్ని అడుగులో లెక్కపెట్టండి. చీకట్లో ఆ లెక్కే దారి చూపిస్తుంది. గోడ మీద "బయటకు దారి" అని బోర్డు ఉందా? ఇప్పుడు మీరు దాన్ని చదవగలరు. చదవడం రాని అక్కకి చూపించండి.

పని జరిగేటప్పుడు బయటికి వెళ్లే తలుపుకి తాళం వెయ్యకూడదు. 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టంలోనే ఆ మాట రాశారు. తాళం కనబడితే ఒక్కరే అడగడానికి భయం వేస్తుంది. కూలి పోతుందేమోనని దిగులు. అందుకని పదిమంది కలిసి అడగండి. ఏడాదికి ఒకసారైనా గంట కొట్టి, అందరినీ బయటికి నడిపించి అలవాటు చెయ్యమనండి.

కూలి రేపు కూడా తెచ్చుకోవచ్చు. ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూసేది అమ్మ కోసం.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీరు పనిచేసే చోట ఎన్ని తలుపులున్నాయి? అన్నీ తెరుచుకుంటాయా?
2. బయటికి వచ్చాక అందరూ ఎక్కడ చేరాలి?
3. 101, 108 అంకెలు మీ ఇంటి గోడ మీద రాసుకున్నారా?